రుగడాలకి విశ్రాంతి సంవత్సరం

రుగడాని తొమ్మిది నీళ్ళలో కడగాలి. ఎనిమిదితో ఆపితే ఆ తప్పు నోట్లో తెలుస్తుంది. నాకు ఈ సంగతి పెళ్ళయి జంషెడ్‌పూర్ వచ్చిన మొదటి వానాకాలంలోనే తెలిసింది, అదీ మా ఆయన పళ్ళ మూలంగా.

డెబ్బైల మధ్యలో మాట. శ్రీకాకుళం వైపు పల్లెలో ప్రార్థనలూ పంట చేలూ తప్ప వేరే ఎరగని నేను, బారిడీహ్‌లో రెండు గదుల క్వార్టర్‌కి కోడలిగా వచ్చాను. ఇంట్లో మా ఆయన, మా అత్తగారు, నేను. ఆయన ఇనుము కరిగించే ఫర్నేసు దగ్గర షిఫ్టు డ్యూటీ చేసేవారు. ఆషాఢం మొదట్లో, రాత్రంతా ఉరిమి తెల్లవారాక తెరిపిచ్చిన ఓ పొద్దున, వెనక సందులో ఒకావిడ తలమీద వెదురుబుట్టతో "రుగడా, రుగడా" అని పిలుచుకుంటూ వచ్చింది. బుట్ట దించి చూపించింది. మట్టిలో దొర్లించిన ఉసిరికాయల్లాంటివి, గుండ్రంగా, నల్లగా, తడితడిగా ఉన్నాయి. మా అత్తగారు కళ్ళజోడు పెట్టుకుని వంగి చూశారు.

"ఏటే పిల్లా ఇవి? మేక పెంటికలు అమ్ముతున్నాదేటి?"

ఆవిడకి తెలుగు రాదు గానీ, ఆ చూపు అర్థమైంది. నవ్వి, ఒకదాన్ని గోటితో చీల్చి చూపించింది. పైన కొబ్బరి పెచ్చులాంటి పలచని తెల్లటి పొర, లోపల ఉడికించిన గుడ్డులాంటి తెలుపు. నేల లోపల పుట్టే పుట్టగొడుగట. గొడుగూ లేదు, కాడా లేదు, ఉండ ఒక్కటే. మాంసంలా ఉంటుందని చేత్తో సైగ చేసింది. క్రిస్మసుకీ ఈస్టరుకీ తప్ప మాంసం ఎరగని మా ఇంట్లో ఆ సైగ చాలింది.

మూడు నీళ్ళలో కడిగాను. ఉల్లిపాయ, అల్లం, వెల్లుల్లి, మసాలా దట్టించి వండాను. మా ఆయన మధ్యాహ్నం డ్యూటీ దిగి వచ్చి, స్నానం చేసి, ప్రార్థన చేసుకుని మొదటి ముద్ద పెట్టుకున్నారు. కరకరమని చప్పుడైంది. రెండో ముద్దకీ అదే. నమలడం ఆపి నా వైపు చూశారు.

"స్లాగ్ కూరొండేవేటి?"

ఇనుము కరిగించాక మిగిలే చెత్తనే స్లాగ్ అంటారు. నల్లగా, గరుగ్గా, చల్లారాక రాయిలా ఉంటుంది. జంషెడ్‌పూర్‌లో గోతులు పూడ్చడానికీ రోడ్లకిందకీ అదే పోస్తారు. ఆయన రోజంతా దాని మధ్యే బతికే మనిషి. అంత మాటా అని, ఇసక ఏరుకుంటూ కూర మొత్తం తినేశారు. అత్తగారు గిన్నె అడుగు కూడా మిగల్చలేదు.

మర్నాడు ఆవిడ మళ్ళీ వస్తే, నాకున్న పది హిందీ మాటలతో జరిగింది చెప్పాను. ఆవిడ మా కొళాయి దగ్గర చతికిలబడి, రుగడాల్ని బుట్టలో పోసి, రెండు చేతులా రుద్దుతూ, నీళ్ళు ఒంపుతూ, ఒక్కో నీటికీ ఒక్కో వేలు ముడిచి లెక్క చూపించింది. తొమ్మిదో నీళ్ళకి బుట్టలో ముత్యాల్లా తెల్లబడ్డాయి. ఆ రోజు నించి ఆవిడ నాకు మౌసీ, అంటే పిన్ని. ఆవిడ హో తెగ ఆదివాసీ. మోకాళ్ళు అరిగిపోయి, ఒక కర్ర పట్టుకుని ఓ పక్కకి ఒరిగి నడిచేది. ఆవిడ హిందీ మాటల్ని ఇక్కడ చాలా వరకు తెలుగులోనే చెబుతున్నాను, నాకు అవి ఇప్పుడు తెలుగులోనే వినిపిస్తాయి.

ఆ రుగడాలు ఎక్కడివని అడిగితే, మా ప్రార్థన మందిరం వైపు చెయ్యి చూపించింది. నిజమే. రేకుల కప్పు మందిరం వెనకాల ముప్ఫై దాకా సాల్ చెట్లుండేవి. మన వైపు వాటినే గుగ్గిలం చెట్లంటాం. ఊరు పుట్టకముందు అక్కడంతా అడవేనట, ఆ అడవిలో మిగిలిన ముక్క అది. రుగడా సాల్ చెట్టు కిందే పుడుతుంది. వేప కింద పుట్టదు, మామిడి కింద పుట్టదు, యూకలిప్టస్ కింద అసలు పుట్టదు. మిగతా ఆడవాళ్ళు వానాకాలం దల్మా కొండల దాకా పోయి ఏరుకొచ్చేవారు. మౌసీ కొండ ఎక్కలేదు. ఆవిడ గుడిసె నుంచి కర్ర ఊతంతో నడవగలిగిన దూరంలో ఉన్న సాల్ తోపు మా మందిరం వెనకదొక్కటే.

ఓ ఆదివారం ఆరాధన అయ్యాక ఆవిడ వెనకాలే వెళ్ళి చూశాను. ఆవిడ రుగడాల్ని వెతకదు, పగుళ్ళని వెతుకుతుంది. ఎండుటాకుల్ని కర్ర కొసతో మెల్లగా పక్కకి జరిపితే, తడినేల మీద రొట్టె పొంగినప్పుడు పైన పడే చీలికలాంటి పగులు కనబడేది. దాని పక్కనించి కర్ర గుచ్చి, నేలని పైకి లేపి, గుండ్రటి దాన్ని బయటికి తీసి, మట్టి మళ్ళీ సర్ది, తీసిన ఆకుల్నే మళ్ళీ పైన కప్పేది. నిద్రపోతున్న పాప మీద గుడ్డ సర్దినట్టు ఉండేది. ఉరుము పడితేనే రుగడా నేల పగలగొడుతుందని ఆవిడ నమ్మకం. ఉరుము దేవుని స్వరమని చిన్నప్పటినుంచీ పాడుకున్నదాన్ని, నాకు అందులో తప్పేమీ కనిపించలేదు.

ఆ తర్వాత ఏళ్ళలో నేను ఆదివారం బడిలో పిల్లలకి పాఠాలు చెప్పేదాన్ని. అరణ్యంలో ఇశ్రాయేలీయులకి దేవుడు మన్నా కురిపించిన పాఠం వచ్చినప్పుడు, ఓ ఆకుదొప్పలో రుగడాలు తీసుకెళ్ళి చూపించాను. ఇవీ గుండ్రంగా ఉంటాయి, పొద్దున్నే నేల మీద దొరుకుతాయి, దాచుకుంటే పాడవుతాయి, ఎవరూ పండించరు, అని చెప్పాను. తెలుగులో అడిగితే హిందీలో జవాబిచ్చే పిల్లలు. ఒకత్తె చెయ్యెత్తి, "ఆంటీ, మన్నా మే నమక్ డాల్తే థే క్యా?" అంది. మన్నాలో ఉప్పు వేసేవారా అని. లేఖనంలో ఎంత వెతికినా ఆ సంగతి లేదని ఒప్పుకున్నాను.

కిటికీ దగ్గర సంఘపెద్ద నిలబడి వింటున్నారు. ఆయన ఫర్నేసు దగ్గర ఫోర్‌మన్, మా ఆయనకి పైవాడు. మందిరంలో మంద్రస్వరంలో పాడేవారు, కార్ఖానా సైరన్ మోతకి సరిగ్గా ఆరాధన మొదలుపెట్టేవారు. మా అత్తగారిని అక్కా అని పిలిచేవారు గనక నాకు మావయ్యగారు.

"అమ్మా, మన్నా పైనించి పడింది. ఇది కిందనించి వత్తన్నాది. పిల్లలకి తలకిందలుగా నేర్పకు," అన్నారు.

అంతటితో ఊరుకోని మనిషిని నేను. జులైలో ఓ ఆదివారం, ఆ ఏడాది మౌసీ తెచ్చిన మొదటి రుగడాల్ని కొత్త ఆకుదొప్పలో సర్ది, ప్రథమ ఫలాల కానుకగా బల్ల మీద పెట్టాను. పెరట్లో సొరపాదు వేసినవాళ్ళు సొరకాయ, కోళ్ళు పెంచేవాళ్ళు గుడ్లు తెచ్చేవారు. నాకు పెరడు లేదు, కోళ్ళు లేవు. ఆరాధన అయ్యాక సంఘపెద్ద ఆ దొప్పని రెండు చేతులతో, చాలా మర్యాదగా, నాకు తిరిగి ఇచ్చేశారు.

"విత్తినదాంట్లో మొదటిది తేవాలమ్మా. దీన్ని ఎవులు విత్తేరు?"

దొప్ప పట్టుకుని ఇంటికి వస్తే అత్తగారు సంతోషించారు.

"ఆయనొద్దన్నాడు గానీ దేవుడొద్దనలేదు కదా. అల్లం ఉందా చూడు," అన్నారు.

ఎనభైల మొదట్లో నేను స్త్రీల సమాజానికి కార్యదర్శినయ్యాను. ఆ ఏడాది కోత పండుగకి పెద్ద అయ్యగారు, ఆ చుట్టుపక్కల సంఘాలన్నింటికీ పైవారు, వస్తున్నారని కబురొచ్చింది. పండుగ భోజనాలు ఎప్పుడూ వెనక సాల్ చెట్ల కిందే. కుళ్ళిన ఆకులు, బురద, చీరల అంచులకి మరకలు. సమాజం కూడికలో నేను లేచి, ప్రభువు రాకకి దారి సరాళం చేయాలనీ, ఎత్తుపల్లాలు చదును కావాలనీ ప్రవక్త చెప్పిన భాగం చదివాను. చదువుతుండగానే అది మా పెరటి గురించే రాసినట్టు అనిపించింది. అదే అన్నాను. అందరూ ఆమేన్ అన్నారు. మా ఊరి ఆడవాళ్ళకి ఊడ్చేందుకు వాక్యం కూడా దొరికాక ఇంక ఎవరు ఆపగలరు?

శనివారం పొద్దున నలభై చీపుళ్ళు దిగాయి. ఏళ్ళ తరబడి పేరుకున్న ఆకుల్ని నేల నున్నగా కనబడేదాకా ఊడ్చి, మూడు కుప్పలు పోసి కాల్చాం. చెట్ల మొదళ్ళకి నడుమెత్తు సున్నం కొట్టాం. సంఘపెద్ద అడిగితే, లారీ నడిపే ఒక సహోదరుడు రెండు లారీల స్లాగ్ తెచ్చి పోశాడు. మగవాళ్ళు దాన్ని పరిచి రోలర్ లాగారు. మందిరం గోడనించి వంటపాక దాకా అంతా పరుచుకోగా, పాక వెనకాల ఒక వరస చెట్లకి మాత్రం స్లాగ్ చాలలేదు. సాయంత్రానికి ఆ చోటు పెరేడ్ మైదానంలా ఉంది. నా గుండె ఉప్పొంగింది.

మధ్యాహ్నం మౌసీ వచ్చి నిలబడింది. కాలుతున్న కుప్ప వైపు చూసి, "బేటీ, అది దాని దుప్పటి," అంది.

"కొత్త ఆకు రాలుతుంది కదా మౌసీ," అన్నాను.

స్లాగ్‌ని కర్రతో తట్టి చూసింది. రుగడా దీన్ని తలతో ఎలా పగలగొడుతుంది, అని అడిగింది. నేను నవ్వి, ఆవిడకి చాయ్, బన్ను ఇచ్చి పంపించాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. అయ్యగారు వచ్చారు, చోటు చూసి మెచ్చుకున్నారు. ఒక్క చీరకీ మరక అంటలేదు. ఆ మరుసటి ఆదివారం నేను లేచి కృతజ్ఞతా సాక్ష్యం కూడా చెప్పాను.

మళ్ళీ ఆషాఢం వచ్చింది. ఆ ఏడాది ఉరుములు మందిరం రేకుల్ని అదరగొట్టాయి. అత్తగారు అల్లం, వెల్లుల్లి సిద్ధంగా పెట్టుకుని వెనక గుమ్మంలో కూర్చున్నారు. వారం గడిచింది, రెండు వారాలు గడిచాయి, "రుగడా" అన్న పిలుపు వినబడలేదు. నేనే వెళ్ళాను. మౌసీ సాల్ చెట్టు వేరు మీద, కర్ర ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. బుట్ట ఖాళీ.

"గరజ్ తో బహుత్ రహా హై. సున్‌నే వాలా కోయీ నహీ," అంది. ఉరుము బాగానే ఉరుముతోంది గానీ, వినేవాళ్ళే లేరని.

పాక వెనక వరసలో కూడా ఏమీ రాలేదా అని అడిగాను. అక్కడా ఊడ్చారుగా, అంది. కోపం లేదు ఆ గొంతులో. కోపపడితే నాకు కొంచెం నయంగా ఉండేది. వానాకాలం ఊరికే కూర్చోవడం చేతకాదనీ, తోపు ఇక లేవదనుకుంటే కూతురి ఊరు వెళ్ళిపోతాననీ చెప్పింది. పుట్టిన నేల వదిలి, అల్లుడి ఇంటి అరుగు మీద కూర్చోవడానికి. అది చెప్పేటప్పుడు మాత్రం నా వైపు చూడలేదు.

ఇంటికి వచ్చి చెప్పాను. అత్తగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"నువ్వే కదే ఊడ్పించేవు. నువ్వే లేపించు," అన్నారు.

అంతలో ఇంకో సంగతి తెలిసింది. స్లాగ్ ముక్కలు పాదాలకి గుచ్చుకుంటున్నాయని, వచ్చే కోత పండుగకి ఆ చోటంతా సిమెంటు చేయించాలని సంఘపెద్ద అనుకుంటున్నారట. సిమెంటు పడితే ఇంక మాట్లాడుకోవడానికేమీ ఉండదు. వారం రోజులు లేఖనం తిరగేశాను. దొరికినవి రెండూ నాకు కొత్తవి కావు. ఏడో ఏడు భూమికి విశ్రాంతి ఇవ్వమన్నది ఒకటి, పొలం అంచులు కోయకుండా పేదలకీ పరదేశులకీ వదలమన్నది రెండోది. పిల్లల చేత కంఠతా పట్టించి బహుమతులు కూడా ఇచ్చాను. బారిడీహ్‌లో చేయాల్సిన పని అని మాత్రం ఎన్నడూ తోచలేదు.

ఆదివారం ఆరాధన తర్వాత సంఘం కూడిక. నేను లేచి నిలబడ్డాను. పోయిన ఏడు నేను చెప్పిన సాక్ష్యం సగమే, మిగతా సగం ఇప్పుడు చెబుతాను అన్నాను. మౌసీ గురించి, దుప్పటి గురించి, నా నవ్వు గురించి చెప్పాను. ఈ నేలకి విశ్రాంతి ఇవ్వాలి, స్లాగ్ తీసేయాలి, ఊడ్వకూడదు, సిమెంటు వద్దు అన్నాను. వెనకనించి గుసగుసలు. సంఘపెద్ద చెయ్యెత్తి ఆపారు.

"ఆరేళ్ళు పండించి ఏడో ఏడు విశ్రాంతమ్మా. మనం ఇక్కడ ఏటి పండించేం?"

"పండించకుండానే భోంచేశాం మావయ్యగారూ. దానికి విశ్రాంతి ఇంకా ముందే రావాల."

ఎవరో కిసుక్కుమన్నారు. ఆయన నవ్వలేదు.

"పొలం అంచు వదలమన్నాడు, నిజమే. మనకి పొలమేదీ?"

"మనకున్నదంతా అంచే కదండీ. ఆ ముప్ఫై చెట్లే."

ఆయన ముగింపు ప్రార్థన చేసి, సైకిలెక్కి వెళ్ళిపోయారు. మా ఆయన దారంతా తల పట్టుకున్నారు. "రేపు డ్యూటీలో నా గతి ఏటని ఆలోచించేవేటి?" అన్నారు.

మర్నాడు డ్యూటీ దిగిన బట్టలతోనే సంఘపెద్ద మా గుమ్మంలో నిలబడ్డారు. "ఆ ముసలామె ఎక్కడుంటాది?" అని అడిగారు.

ఆయన్ని తీసుకెళ్ళాను. ఫర్నేసు మరమ్మతుకి ముందు పెద్ద ఇంజనీరుని అడిగినట్టు, ఆయన మౌసీని ఒక్కొక్కటీ అడిగారు. ఎంత లోతు తీయాలి, దేంతో తీయాలి, ఎటునించి మొదలుపెట్టాలి. పలుగు, పార ముట్టుకోవద్దంది మౌసీ. మట్టి పైపొరలో సాల్ వేర్లని చుట్టుకుని జుట్టుకన్నా సన్నగా తెల్లటి పోగులుంటాయట. చెట్టూ రుగడా వాటితోనే ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయట. అవి తెగితే ఇంక అంతే. కనబడని వేరుతో అంటుకుని ఉండడం మా సంఘంలో ఎవరికీ కొత్తగా చెప్పనక్కర్లేదు. సంఘపెద్ద తలాడించి, చేతులతోనే తీస్తాం అన్నారు.

మందిరం తలుపుకి ఒక పట్టీ అంటించారు. ఎవరు ఏ షిఫ్టులో ఉంటే దాన్నిబట్టి తోపులో వంతు. పొద్దున డ్యూటీవాళ్ళు సాయంత్రం రావాలి, మధ్యాహ్నం డ్యూటీవాళ్ళు పొద్దున్నే రావాలి. వాన తెరిపిచ్చినప్పుడల్లా ముప్ఫై మంది దాకా గొంతుక్కూర్చుని స్లాగ్ ముక్కల్ని ఒక్కొక్కటే ఏరి తట్టల్లో వేసేవారు. మౌసీ స్టూలు మీద కూర్చుని కర్ర చాపి అజమాయిషీ చేసేది. మా ఆయన ఒకసారి దొంగతనంగా చిన్న గునపం తీస్తే వేళ్ళ మీద ఒక్కటి తగిలించింది.

"పగలంతా ఫర్నేసుకాడ స్లాగు, సందేళ దేవుడికాడ స్లాగు. పరలోకంలో గూడా ఇదే డ్యూటీయేమో కనుక్కో," అన్నారాయన నాతో.

ఒక కేకేస్తే ఫర్నేసు దగ్గర మనుషులు చేతిలోవి జారవిడిచేంత గొంతు సంఘపెద్దది. ఆ మనిషి బలంగా ఓ ముక్క లాగబోతే, మెల్లగా తీయమని మౌసీ, "ధీరే, బాబూ, ధీరే," అనేది. ఆయన "జీ, మాజీ," అని, అంటే అలాగేనమ్మా అని, చెయ్యి వెనక్కి తీసుకునేవారు. అది చూడ్డానికే కొందరు వంతు లేకపోయినా వచ్చేవారు.

ఆ పని చివరికొచ్చేటప్పటికి భాద్రపదం వచ్చింది. ఒకరోజు మౌసీ ఓ గుడ్డ మూట విప్పింది. ఆవిడ అన్న కొడుకు దల్మా నించి తెచ్చిన ముదిరిపోయిన రుగడాలు. లోపల తెలుపు పోయి నల్లటి పొడి అయ్యాయి, వండడానికి పనికిరావు. వాటిని నలిపి, నీళ్ళలో కలిపి, చెట్ల మొదళ్ళ చుట్టూ పోసి, మట్టి సర్దింది. సంఘపెద్ద అక్కడే ఉన్నారు. అదేమిటని అడిగారు.

"బీజ్," అంది మౌసీ. విత్తనం.

ఆయన నా వైపు ఓసారి చూసి, వంగి మళ్ళీ స్లాగ్ ఏరుకున్నారు.

ఊడ్వకూడదన్న నియమం పాటించడం మిగతా అన్నిటికన్నా కష్టమైంది. వసంతంలో సాల్ ఆకు రాలి తోపు నిండుతుంటే, మా ఆడవాళ్ళ చేతులు దురదపెట్టాయి. అందరికన్నా ముందు పట్టుబడింది మా అత్తగారే. చెట్ల కింద చీపురుతో వంగి ఉండగా సంఘపెద్ద చూశారు. "అక్కా," అన్నారు అంతే. "చెయ్యి దానంతటదే పోయింది తమ్ముడూ," అన్నారు అత్తగారు. ఆ రోజు నించి ఆవిడకి మందిరం ముందు వాకిలి రోజుకి రెండుసార్లు ఊడ్చే పని అప్పజెప్పారు.

ఆ ఆషాఢంలో ఏమీ రాలేదు. ఒక్క పగులూ లేదు. మౌసీ ఇంకో ఏడు చూస్తానంది, ఇంకొకటే అని వేలు కూడా చూపించింది. బుధవారం గృహ కూడికల్లో సంఘపెద్ద జబ్బుపడ్డవాళ్ళ కోసం, పరీక్షలు రాసే పిల్లల కోసం ప్రార్థించి, ఆ వరసలోనే రుగడాల కోసం కూడా ప్రార్థించడం మొదలుపెట్టారు. కొత్తగా చేరిన ఒకావిడ నన్ను పక్కకి పిలిచి, రుగడా అంటే ఎవరండీ, ఆవిడకి ఒంట్లో ఏం బాగోలేదు, అని అడిగింది. నేను కూడా కన్నీళ్ళతో ప్రార్థించాను. దేవుడు నా మాట వింటాడన్న నమ్మకం నాకెప్పుడూ ఉంది. నేను ఊడ్చిన దాన్ని ఆయన తిరిగి కప్పాలని అడగడానికి మాత్రం సిగ్గేసేది.

ఆ మరుసటి ఏడు, ఆదివారం ప్రసంగం మధ్యలో ఉరిమింది. రేకుల మీద వాన పడి ఒక్క మాటా వినబడలేదు. సంఘపెద్ద ప్రసంగం ఆపి, కిటికీ వైపు తిరిగి, చేతులు కట్టుకుని నిలబడ్డారు. మేమంతా అలాగే కూర్చున్నాం. అంత మంచి ప్రసంగం నేను తర్వాత మళ్ళీ వినలేదు.

గురువారం పొద్దున మౌసీ బుట్ట లేకుండా వచ్చి నా చెయ్యి పట్టుకుంది. చేతినిండా మట్టి. నేను పొయ్యి మీద అన్నం అత్తగారికి వదిలేసి వెంట నడిచాను. వంటపాక వెనక, స్లాగ్ పోయని ఆ వరసలో ఒక చెట్టు దగ్గర నన్ను మోకాళ్ళ మీద కూర్చోమంది. చూడు, అంది. ఆకులు తప్ప ఏమీ కనబడలేదు. ఇంకా వంగాను. ఆవిడ కర్ర కొసతో ఒక్క ఆకు జరిపింది. వెంట్రుకంత పగులు, దాని కింద నేల కొంచెం ఉబ్బి ఉంది. మందిరంలో తప్ప ఎక్కడా మోకరించని నేను ఆ తడి ఆకుల్లో చాలాసేపు ఉండిపోయాను.

తోపంతా తిరిగి లెక్కపెట్టాం. పది పగుళ్ళు. నాలుగు పాక వెనక, ఆరు స్లాగ్ తీసిన చోట. మౌసీ ఏడింటిని తీసి, మూడింటి మీద ఆకు కప్పేసింది. ఇవి ముసలివవుతాయి, అంది. నల్లబడి, పొడై, మళ్ళీ విత్తనమవ్వడానికి. ఆ రోజు కూతురి ఊరి మాట ఎత్తుతుందేమోనని చూశాను. ఎత్తలేదు. కర్రకి కొత్త కొస చెక్కించుకోవాలి, అంది.

తీసిన ఏడు రుగడాల్నీ ఆవిడ ఇంటికి తీసుకుపోలేదు. ఆదివారం దాకా తడి మట్టిలో పెట్టి ఉంచి, ఆకుదొప్పలో తెచ్చి మందిరం మెట్టు మీద పెట్టింది. కాళ్ళకి బురదని లోపలికి రానంది. సంఘపెద్ద తెల్లటి బట్టల్లో గుమ్మం దగ్గరే ఉన్నారు. వంగి దొప్ప తీసుకున్నారు. కడగలేదు, మట్టి దులపలేదు. అలాగే తీసుకెళ్ళి, సొరకాయకీ గుడ్లకీ ముందు, బల్ల మధ్యలో పెట్టారు. తిరిగి వస్తూ నా బెంచీ దగ్గర ఆగారు.

"ఇది విత్తిందే కదమ్మా," అన్నారు.

ఏడు రుగడాలు, అరవై మంది. నిలవ ఉంచితే పాడవుతాయి గనక ఆ మధ్యాహ్నమే తినేయాలని తీర్మానమైంది. మౌసీ కొళాయి దగ్గర కూర్చుని తొమ్మిది నీళ్ళు తనే కడిగింది. మేము సన్నగా తరిగి గుడ్ల కూరలో కలిపాం. తోపులోకి ఎవరూ వెళ్ళలేదు, మందిరం లోపలే వరసగా కూర్చున్నాం, మౌసీ గుమ్మంలో తన స్టూలు మీద. ప్రతివాళ్ళూ తమ వంతు రుగడా ముక్క కోసం విస్తట్లో వేలితో వెతుక్కోవడమే. ఆదివారం బడి పిల్లలైతే కనబడ్డ ప్రతి ఉల్లిపాయ ముక్కనీ అదే అనుకున్నారు.

సంఘపెద్ద నమిలితే కరకరమని చప్పుడొచ్చింది. అందరూ అటు తిరిగారు. ఆయన మెల్లగా నోట్లోంచి ఓ చిన్న నల్లటి పలుకు తీసి, అరచేతిలో పెట్టుకుని, ఫర్నేసు దగ్గర చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూశారు. మా ఆయన నా వైపు చూడకుండా ఉండడానికి పాట్లు పడుతున్నారు.

"స్లాగే," అన్నారు సంఘపెద్ద. "ఒకటి మిగిలిపోనాది."

ఏమంటున్నాడని మౌసీ అడిగింది. చెప్పాను. ఆవిడ ఆయన అరచేతిలో ఉన్నదాన్ని దూరం నించే చూసి, వచ్చే ఏడు పదో నీళ్ళు పోద్దాంలే, అంది.

"జీ, మాజీ," అన్నారాయన.